నిమిషం పాటు ఎవరూ కదలొద్దు

షూటింగ్ అయిపోయిన ప్రతి జాగల
నేనొక నిమిషం అడిగేటోణ్ణి.
మాటకూ మాటకూ నడుమ సందులు పూడ్చెటందుకు
ఆ అడివి ఉత్తగాలి కావాలె మాకు.
డ్రైవరు బీడీ ఆర్పేటోడు.
కెమెరా ఆయన దోమ కుట్టినా ఓర్సుకునేటోడు.
మొండయ్య మాత్రం
మాట యాడ ఆపిండో ఆడనే
ఒంటికాలి కొంగ తీర్గ నిలవడేటోడు.

పేరు మార్సుకొమ్మన్నరు మొదట్ల.
తెర మీద మొండయ్య అంటే ఎట్లుంటది అన్నరు.
మొండిగనే ఉంటది, అన్నడు.

రాత్రిపూట పాము పేరెత్తొద్దని వాళ్ళవ్వ నేర్పింది.
హిందీల చెప్పినా అది 'పురుగే'.
ఢిల్లీ వాళ్ళు ఆ ముక్కను మూడుసార్లు కోసిన్రు,
మూడుసార్లూ మళ్ళ అట్లనే అన్నడు.

ఆదివారం పొద్దుగాల దేశమంతా చూసిన మొఖం.
సిరొంచల మాత్రం తోళ్ళ లచ్చయ్య కొడుకు.
పసులు సచ్చినకాడ లచ్చయ్య తోలు ఒలిచి
కత్తి తుడ్సుకుంట పక్కకు జరిగితే
వంతు వాటిది.
చిన్నప్పుడు మొండయ్యకు రాబందులంటే
పక్షులని తెల్వదట.
వాటాదార్లు అనుకున్నడట.

ఆసరెల్లి బాట మీద, మా మొదటి టేపు.
సచ్చిన బర్రె మీద నలభై దిగినయి.
గాలికి తాడిపత్రి కొట్టుకున్నట్టు రెక్కలు,
పంచాయితిల ముసలోళ్ళ తీర్గ గుర్రుగుర్రు.
నా చెవులు రెండు దినాలు మోగినయి.

ఎనిమిదేండ్లకు అదే బాట, అదే నెల.
టేపు నిండ ఈగలు.
ప్రాణహిత అవతల యాడనో ఒక కుక్క.
నిమిషం అయిపోయిందన్న.
"ఇంకొకటి పట్టు" అన్నడు.
అదీ అయిపోయింది.
"ఇంకొకటి."

పులి లేకుంటే పైసలు రావు, అన్నది ఛానెల్.
పులికి చుట్టాలు మస్తుమంది ఉన్నరు,
పీనుగ తినేదానికి ఎవరున్నరు, అన్నడు.
ఆ యేడాదే బంద్ అయింది మా ఆదివారం.

అటెన్క పాత బండేసుకొని
అహేరి, ఎటపల్లి, భామ్రాగడ్.
మందుల దుకాణాల ముంగట బతిమిలాట:
పసులకు ఆ నొప్పిసూది అమ్మకున్రి,
సూదేసిన గొడ్డు సస్తే తిన్నదాని కిడ్నీ ఎండిపోతది.
టీవీల కనవడ్తలేవేంది సారూ అంటే
ఇగో కనవడ్తున్న కదా అనేటోడు.
మందు తాకని గొడ్లను కొని గుట్టకింద ఏసేటోడు.
"ఖానావళి తెరిచిన రా. గిరాకీ లేదు."

లచ్చయ్య ఒకనాడు గుట్టదాక వచ్చిండు.
"ఆ వాసన వదిలిచ్చుకునేతందుకు నాకు నా బతుకంత పట్టింది.
నువ్వు చదువుకొని, కోటేసుకొని,
మళ్ళ ఆ గడ్డకే వస్తివి."
కొడుకు ఏమన్నడో నా దగ్గర లేదు.
మైకు బంద్ చేసిన.

మెదడుకెక్కిన జ్వరం. మూడు దినాలు.
బడి వరండాల సంతాపసభ.
పెద్దసారు పేరు తప్పు చదివిండు.
రెండు నిమిషాల మౌనం అన్నడు,
నలభై సెకన్లకే కుర్చీ గుంజుకున్నడు.
లెక్కవెట్టుడు నాకు అలవాటు, ఏం జేస్త.

ఇంటికచ్చి ఆ మొదటి టేపు ఏసిన.
వయసుల ఉన్నప్పుడు ఊపిరి వినవడితే తిట్టేటోణ్ణి,
నా నిమిషం పాడు జేస్తున్నవని.
ఇప్పుడు దానికోసమే చెవి పెట్టిన.
గాలి. ఎండుటాకు.
రెక్కలు, రెక్కలు.
ముప్పై ఎనిమిదో సెకనుకు
ఆయన కడుపు కుయ్యిమన్నది.
పొద్దుగాల్నించి ఏం తినలే మేము.
నవ్వు ఆపుకుంటున్నడు.
ముక్కుల నుంచి సన్నగ వస్తున్నది.

కదలకుండ కూసున్న.
ఇంకా ఇరవై రెండు సెకన్లున్నయి.