మణికట్టు

మా దగ్గర ఒక చెక్క బేరిపండు ఉంది.
దాని అడుగున ఇనుప ఉంగరం.
రంగులరాట్నం తిరుగుతుంటే నాన్న నేల మీద నిలబడి
పిల్లల చేతులకు అందీ అందకుండా ఊపేవాడు.
ఉంగరం లాక్కున్నవాళ్లకి ఇంకో ఆట ఉచితం.
బ్యూనస్ ఎయిరిస్‌లో, మా పేట పార్కులో,
అదృష్టమంటే అదే అనుకునేవాళ్లం పదేళ్లొచ్చేదాకా.

అదృష్టం కాదు. మణికట్టు.
ఓ రాత్రి టార్పాలిన్ కప్పుతూ నాన్నే చెప్పాడు.
మందులషాపు బెర్తొలోత్తి కొడుక్కి బిగించాలి.
బూట్లకి పురికొస కట్టుకొచ్చిన ఇర్మాకి వదలాలి,
వదిలినట్టు ఇర్మాకి తెలియకూడదు.
రెండుసార్లు తప్పించి, మూడోసారి.
"జాలి కనబడిందా, ఉంగరం తుప్పు పడుతుంది నెలీదా."

తాత కాలంలో మోటారు లేదు.
కళ్లకి గంతలు కట్టిన నిజం గుర్రం,
పేరు లూసేరో, అంటే వేగుచుక్క,
గానుగెద్దులా నడుస్తుంటే
చెక్క గుర్రాలు, సింహం, చెవి విరిగిన పంది
అన్నీ పరుగెత్తేవట.
గంట కొడితే ఆగేది.
ముసలిదై పచ్చికలో వదిలేశాక కూడా
చర్చి గంట మోగితే ఆగిపోయేదట,
నోట్లో గడ్డి నోట్లోనే.

నాకు మాత్రం నాన్న ఒక్కసారీ వదల్లేదు.
రాట్నం మనదే, నీకు ఉచితమేంటి అని ఆయన లెక్క.
నాకు కావలసింది ఆట కాదు.
ఎర్రగుర్రం మీంచి ఒంగి చెయ్యి చాపితే
చల్లగా తగిలి జారిపోయిన ఇనుము
నా చూపుడువేలికి ఇంకా గుర్తుంది.

తర్వాత ఆయన చేతికి వణుకొచ్చింది.
జకరండాలు పూసిన ఆ నవంబరులో
ఉంగరం అందరికీ వచ్చేసింది:
బెర్తొలోత్తి మనవడికి, బేకరీ కవలలకి,
ఈగని తోలబోయిన పసిదానికి.
టిక్కెట్ల డబ్బా అడుగు కనిపించింది.
పిల్లలు మొదట కేరింతలు కొట్టారు.
మూడోరోజుకి చెయ్యి చాపడమే మానేశారు.

ఆ సాయంత్రం పండు నా చేతిలో పెట్టి
తనే ఎక్కాడు, ఎర్రగుర్రం, టోపీ తీయకుండా.
డెబ్బై తొమ్మిదేళ్ల చెయ్యి గాలిలోకి చాపాడు.
మొదటి చుట్టు తప్పించాను.
రెండో చుట్టూ తప్పించాను.
నవ్వాడు. నేర్చుకున్నానని తెలిసిపోయింది.

మూడో చుట్టు మధ్యలో
కరెంటు పోయింది.
రాట్నం మెల్లగా, ఇంకా మెల్లగా
నాకు అటువైపున ఆగింది.
సింహం జూలు వెనక టోపీ ఒక్కటే కనబడుతోంది.
పండు పైకెత్తి అలాగే నిలబడ్డాను,
మణికట్టు వదులు చేసి.