రెండో చరణంలో ఒక దెబ్బ తక్కువ

ఆ సినిమా నాలుగు రోజులాడింది.
పాట మాత్రం రికార్డుకి రెండో వైపు
ముల్లు తగలని నలుపులో
కొత్తగానే ఉండిపోయింది.

పాండీ బజార్ పేవ్‌మెంటు మీద ఎనభై రూపాయలకి దొరికింది.
అందులో చందమామ లేడు, మల్లెలు లేవు.
అన్నం తిన్నావా అన్న మాటనే
ఆమె నాలుగు రకాలుగా అడుగుతుంది.
నాలుగోసారికి
నేనూ తినలేదని గుర్తొచ్చింది.

రెండో చరణంలో తబలా ఒక దెబ్బ తప్పుతుంది.
అక్కడ పడిపోయాను.

వెతుక్కుంటూ సాలిగ్రామం వెళ్ళాను.
మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
తబలా దైవసహాయం గారు
చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని విన్నారు.
"అదా! దోమ కుట్టిందయ్యా.
ఇంకో టేకుకి నిర్మాత దగ్గర డబ్బుల్లేవు."

పాడాల్సినావిడ ఆ రోజు రాలేదట.
కోరస్‌లో వెనక వరస పిల్లకి కబురెళ్ళిందట.
కోడంబాకం గేటు పడితే
రైలు పోయేదాకా నిలబడి, పరుగెత్తుకొచ్చిందట.
పల్లవిలో వినిపించేది ఆ ఆయాసమే.
లేబుల్ మీద పేరు మాత్రం
రానావిడదే.

"ఆ పిల్ల ఏమైందండీ?"
ఆయన తబలా మీది గుడ్డ సర్దుతూ కూచున్నారు,
సర్దిందే మళ్ళీ సర్దుతూ.

వంటింట్లో ఎవరో చింతపండు పిసుకుతూ
అదే చరణం కూనిరాగం తీస్తున్నారు.
ఆ చోటికొచ్చి
ఒక్క దెబ్బంత సేపు ఆగి,
మళ్ళీ అందుకున్నారు.

"ఏసీ గదిలో దోమేమిటి," అంది గొంతు,
"అన్నం తిన్నావా, బాబూ?"

అది ఐదో రకం.