ఇంటికొక్కలే

ఫోటో కోసం ఓదెలుకు తొడిగిన అంగీ
పక్కింటి సడవలి కొడుకుది.
గుండీలు పెట్టంగనే చంకల కాడ పట్టేసింది,
అందుకే నవ్వలేదు వాడు.
ఊపిరి బిగబట్టినోడి మొఖం
సముద్రం దాటి పోయింది,
వెనక ఒక నంబరుతోని.

దేవాజీ సారు బండి దిగకుండనే చెప్పిండు:
ఇంటికొక్కలే. ఎనిమిదేండ్ల లోపే.
నాకు పదకొండు.
మేకను పట్టుకొని ఫోటో అంచు బయట నిలబడ్డ.
ఇప్పటికీ చూస్తే కనపడతది,
ఎడమ దిక్కు మేక, మెడకు తాడు,
తాడు చివర ఎవరూ లేరు.

ప్రాణహిత ఈ ఒడ్డున మా ఊరు.
అవ్వ తిట్టేది తెలుగుల,
బడిల కొట్టేది మరాఠీల,
ఉత్తరం పోయేది ఇంగ్లీషుల.
ఓదెలుకు మూడిట్ల ఏదీ చేతికి రాలె.
పలక ఇస్తే కప్పల కుండకు మూత పెట్టేటోడు.
అందుకని రాసింది నేను.
"నేను ఓదెలును, నేను బాగున్న"
అని మొదటిసారి రాసిననాడు
కడుపుల ఏదో కదిలింది.
ఆకలేమో అనుకున్న.

అప్పు రాయొద్దు, అన్నడు సారు.
బాపు తాగుడు రాయొద్దు. ఏదీ అడగొద్దు.
మరి ఏం రాయాలె?
వాన రాసిన. మేక ఈనింది రాసిన.
ఎండకాలం తునికాకుకు పోయి
యాభై ఆకులకో కట్ట కట్టేది రాసిన.
ఎలుగుబంటి ఎదురైన సంగతి
సారు కొట్టేసిండు,
పాపం ముసలామె భయపడతదని.
మిరపకాయ ఏరే నెలంత
అవ్వ మా మొఖాలు ముట్టేది కాదని రాసిన.
అది కొట్టెయ్యలె.
ఇంగ్లీషుల ఎట్ల మారి పోయిందో ఎరుక లేదు.

ఆమె పేరు హెల్గ. అవ్వ నోట్ల ఎల్గమ్మ.
ఆమె ఫోటోల మంచు, మంచుల కుక్క,
కుక్కకు స్వెట్టరు.
అవ్వ చానాసేపు చూసి
"పిల్లలు లేరు గావచ్చు" అన్నది.
బాపు "దాని తిండికెంతైతదో" అని
లెక్క మొదలుపెట్టి
నడుమ ఆపేసిండు.

దోమతెర వచ్చింది, సోలార్ దీపం వచ్చింది.
దోమతెర కాగితాల మీద ఓదెలుది.
ఐదుగురం పండేది, కాళ్లు బయట.

ఒకసారి ఎల్గమ్మ రాసింది:
ఓదెలూ, నీ రాత ఎంత బాగుంటది,
తీగ మీద ఆరేసిన బట్టల లెక్క
అక్షరాలన్నీ వేలాడుతుంటయి.
సారు చదివి వాడి వీపు తట్టిండు.
వాడు నా దిక్కు చూసిండు.
నేను బిందె తీసుకొని బోరింగుకు పోయిన.
బిందె నిండి పొర్లుతున్నా
కొడుతనే ఉన్న.

ఏడో తరగతి కాడ నా బడి ఆగింది.
ఉత్తరాలు ఆగలె.
వాడికి పద్దెనిమిది నిండే దాక
ఏడాదికి మూడుసార్లు
నేను వాడినే.

ఇప్పుడు వాడు చంద్రపూర్‌ల లారీ మీద క్లీనరు.
ఫోన్ల మాట పంపుతడు, రాయడు.
చివరి ఉత్తరం రాయమని సారు వచ్చిండు,
మీసం నెరిసింది, బండి అదే.
అన్నీ రాసిన, దండాలు రాసిన.
పేరు కాడికి వచ్చినంక
పైన గీత ఒక్కటి గీసిన,
దానికి ఏమీ వేలాడదియ్యలె.
"పేరేది పోసక్కా?"
"ఆరినయి సారూ, తీసేసుకున్న."

ఆయనకు మన మాట అంతంతే.
జేబుల పెన్ను తీసి
గీత కింద ఓదెలు అని నింపిండు.
నాది నల్ల సిరా.
ఆయనది నీలం.