తడి గీత

చీమకుర్తి క్వారీ రోడ్డులో
రాత్రి పదకొండింటికి కాటా ఆపించాను.
వెనక పదహారు లారీలు గుర్రుమంటున్నాయి.
"ఎంతసేపు సలోమక్కా?" అన్నాడు మాల్యాద్రి.
"టీ తాగొచ్చేంత."
అబద్ధం. దానికి నాలుగింతలు పడుతుంది.

వాడి ఖాతాకి ఉన్న అధికారం ఇంతే:
బరువు చూడటం, చీటీ తీయటం.
అంకె దిద్దడానికి లేదు,
నిన్నటి చీటీ తెరవడానికీ లేదు.
ఆరేళ్ళ కిందట నేనే గీశానా గీత,
బియ్యంలో రాళ్ళేరినట్టు
ఒక్కో హక్కూ ఏరి పారేసి.

పొద్దున తెలిసింది గీత కింద కంత ఉందని.
బయటివాడు గోడ దూకి రానక్కర్లేదు.
లోపల కూర్చున్నవాడెవడైనా సరే,
చీటీలు తీసే వేళ్ళతోనే
నాలుగు వరసలు కొడితే
యజమాని కుర్చీలో ఉంటాడు.
వీధి తలుపు తాళం భేషుగ్గా ఉంది.
అటకకి వేసిన నిచ్చెనే
ఎవరూ తీయలేదు.

ఓనరు నమ్మలేదు.
"మనోడు అట్టాంటోడు కాదమ్మా."
నేను మనోడి సంగతి మాట్లాడటం లేదు.
అందుకే ఏడింటికి, ఆయన చూస్తుండగా,
మాల్యాద్రి పేరుతోనే లోపలికెళ్ళాను.
ఒక వరస. ఇంకో వరస. ఎంటర్.
డాలరు గుర్తు పోయి హ్యాషు గుర్తొచ్చింది.
గంట మోగలేదు, ఎర్రదీపం వెలగలేదు.
"నేనెవర్ని?" అని అడిగాను యంత్రాన్ని.
"రూట్" అంది.

రూట్ అంటే వేరు.
ఇందాకటిదాకా మాల్యాద్రి.
ఇప్పుడు వేరు.

ఫోనొచ్చి ఓనరు బయటికి నడిచాడు.
ఈ నెల మొత్తం నా ముందు బార్లా తెరుచుకుని ఉంది.
నలభై రెండు టన్నుల్ని
ముప్పై రెండు చేయడానికి ఒక్క అంకె చాలు.
నాకు రావాల్సిన నాలుగు నెలల బిల్లు కూడా
అందులోనే ఎక్కడో పెండింగని పడి ఉంది.
కర్సరు నాడిలా కొట్టుకుంటోంది.
ఎంతసేపు చూశానో చెప్పను.
ఎగ్జిట్ కొట్టాను.

మిగతా పనంతా చప్పగా ఉంటుంది:
బ్యాకప్, కొత్త కెర్నల్,
నెట్టు రెండుసార్లు తెగటం,
ఎప్పుడో మానేసిన ఇద్దరి ఖాతాలు పీకటం,
కీబోర్డు అడుగున అంటించిన పాస్‌వర్డు చీటీ లాగితే
అది నా చేతిరాతే కావటం.

"నా మీద అనుమానమా అక్కా?"
టీ గ్లాసు ఇస్తూ అడిగాడు, నా మొహం చూడకుండా.
జవాబు వెతుక్కుంటుంటే వాడే అన్నాడు:
"క్వారీలో నేను రాళ్ళకి నీళ్ళు కొట్టేవాణ్ణి.
రాయంతా ఆరిపోద్ది.
పగులున్న కాడ మాత్రం
వెంట్రుకంత గీత తడిగానే ఉంటది.
కొనేవాడు అక్కడ సుద్దతో గీసి పోతాడు.
అట్టాంటిదా?"
"అట్టాంటిదే."
"రాయికి మాటెయ్యరుగా."
"దీనికేస్తారు. మళ్ళీ ఇంకోచోట పగులుద్ది.
మళ్ళీ వస్తా."

రీస్టార్ట్.
నల్లటి తెర మీద తెల్లని చుక్కలు చుక్కలుగా అక్షరాలు,
అచ్చం లారీల మీది గెలాక్సీ రాయి.
అవే నాలుగు వరసలు మళ్ళీ కొట్టాను.
అనుమతి లేదు, అంది.
ఈ మధ్య ఇంత చల్లని మాట
ఎవరి నోటా వినలేదు.

చివరికొకసారి అడిగాను: "నేనెవర్ని?"
"మాల్యాద్రి."
వాడు నా భుజం మీదుగా తొంగి చూసి
"నేనేగా" అన్నాడు.
నువ్వే. జరుగు, కూర్చో.
మొదటి లారీ ఎక్కేసింది.