ఏకేవాళ్లు

టివర్టన్ పాత రికార్డుల గదిలో
బుధవారాలు నా డ్యూటీ.
ఎక్స్ ఏటి తేమకి అట్టపెట్టెల మూతలు
చల్లారిన అప్పడాల్లా మెత్తబడి ఉంటాయి.

ఈ వారం నా వంతుకొచ్చిన ఇంటిపేరు టోజర్.
"ఆ పేరున్న ప్రముఖులు, మనిషికో కార్డు,
నాలుగు వరుసలు దాటొద్దు" అన్నాడు గ్రెన్‌ఫెల్.
నా పేరూ అదేనని అతనికి తెలుసు.
పెళ్లితో వచ్చింది.
మనిషి ఇంకొకామెతో ప్లిమత్ పోయాడు.
పేరు మాత్రం
ఏకులా వచ్చి మేకులా దిగబడింది.

అసలు ఆ పేరుకి అర్థమే ఏకేవాడని.
గొర్రె వీపు దిగిన ఉన్నిని
ముళ్లకాయలతో గీకి,
పేడా పుల్లా ఏరిపారేసి,
చిక్కు తీసి, వడికేవాళ్లకి అందించేవాడు.
పన్నుల గుమాస్తా తలెత్తకుండానే అడిగుంటాడు:
"ఏం చేస్తావ్?"
"ఏకుతానయ్యా."
రాసుకున్నాడు.
అప్పట్నుంచీ ఆ జవాబునే సంతకం పెడుతున్నాం,
ఉన్ని ముట్టినవాళ్లు ఒక్కరూ మిగలకపోయినా.

ఆంబ్రోజ్ టోజర్, వికెట్ కీపర్.
కుడిచేతికి మూడు వేళ్లే సరిగ్గా వంగేవి.
హెప్జిబా టోజర్, ఓటు అడిగి
జైల్లో తొమ్మిది వారాలు.
తిండి మానేస్తే ముక్కులోంచి గొట్టంతో పోశారు.
కార్డులో గొట్టం ఎందుకన్నాడు గ్రెన్‌ఫెల్.
ఉంచాను.
తర్వాత ఒక బిషప్పు.
ఆయన గురించి చెప్పడానికి ఏమీ లేదు,
నాలుగు వరుసలూ నిండిపోయాయి.

ఆఖరున సైలస్ టోజర్, గణితజ్ఞుడు,
విక్టోరియా రాణి నాటివాడు.
కేంబ్రిడ్జిలో చదివి, పల్లె చర్చిలో కుదురుకుని
ముప్ఫై ఏళ్లు ఒకటే లెక్క:
కొసలు రెండూ కలిపేసిన దారం
ఎన్ని రకాలుగా ముడిపడగలదు?
ఏ ముడి ఇంకో ముడికి మారువేషం?
తాతలు ముళ్లతో ఏకారు,
ఇతను ముళ్లనే ఏకాడు.
రెండు వందల పన్నెండు తేల్చాడు,
ఏ రెండూ ఒకటి కావని అచ్చు వేయించాడు.

కార్డు అయిపోయింది. పెట్టె మూసేదాన్నే,
అడుగున పొగాకు డబ్బా గలగలమనకపోతే.

లోపల ఉన్నిదారం ముడులు.
చిమటలు తిన్నవి తినగా ఓ గుప్పెడు.
కొసలు కుట్టి కలిపినవి, అంకె చీటీలతో.
సూదిపని చేసే చెయ్యి. పాదిరిగారిది కాదు.

జనగణన పుస్తకం దించాను.
అదే ఇల్లు, కింది వరుస:
థర్జా టోజర్, చెల్లెలు, స్పిన్‌స్టర్.
ఒకప్పుడు ఆ మాటకి నూలు వడికేదని అర్థం.
తర్వాత పెళ్లి కానిదని.
గుమాస్తా రెండో అర్థంలోనే రాసుంటాడు, పాపం,
అతనికి డబ్బా సంగతి తెలీదు.

నూట నలభై ఒకటికీ, నూట డెబ్బైకీ
కలిపి ఒకటే చీటీ:
"అన్నయ్యా, ఇవి రెండూ ఒకటే.
నిన్న రాత్రి దీపం దగ్గర లాగి చూశాను.
ఎడమ పోగుని కిందినుంచి తిప్పితే చాలు."

అచ్చుపట్టికలో అవి వేర్వేరుగానే ఉన్నాయి.
చదవలేదో,
చదివి చల్లగా ఊరుకున్నాడో.

మఫ్లర్ కొసనుంచి ఓ పోగు లాగాను.
బొమ్మ చూసి ముడి వేశాను, కొసలు కలిపాను.
మూడుసార్లు తప్పింది. టీ చల్లారింది.
నాలుగోసారి ఎడమ పోగు
నిద్రలో పక్కకి ఒత్తిగిలినట్టు
కిందినుంచి జారి
నూట నలభై ఒకటి నూట డెబ్బై అయి కూర్చుంది.
"అయ్యింది!" అన్నాను పైకే.
గదిలో రేడియేటర్ తప్ప ఎవరూ లేరు.

ఇంకో ఖాళీ కార్డు తీశాను.
ప్రముఖురాలా అని అడుగుతాడు గ్రెన్‌ఫెల్.
అడగనీ.
పేరు: థర్జా టోజర్.
వృత్తి అన్నచోట కాసేపు ఆగి
రాశాను:
ఇంటిపేరే.