మూడు డబ్బాలు

రువీలో క్లాక్ టవర్ వెనక, మూడో అంతస్తు.
వంటగది గోడకి ఆనించి మూడు డబ్బాలు.
ఒకటి ఖర్జూరాలది, ఒకటి పాలపొడిది,
ఇంకొకటి దేనిదో, అరబ్బీ పేరు అరిగిపోయింది.

రాని ప్రశ్నలు ఖర్జూరాల డబ్బాలో. రోజూ తియ్యాలి.
తడబడి చెప్పినవి పాలపొడి డబ్బాలో, మూడురోజులకోసారి.
నోటికొచ్చినవి పేరులేని దాంట్లో, శుక్రవారం మాత్రం.
ఒక్కసారి తప్పితే చాలు,
ఏ డబ్బాలోదైనా మళ్ళీ ఖర్జూరాల్లోకే.

లాండ్రీవాడి దగ్గర చొక్కా అట్టలు అడిగి తెచ్చి
నాలుగేసి ముక్కలుగా కోసి రాసిన చీటీలు.
ఒకవైపు ప్రశ్న, ఒకవైపు జవాబు,
రెండూ తెలుగు అక్షరాల్లోనే.
ఎందుకంటే అడిగేది గంగనర్సు.

ఖురంలో రెండిళ్ళు తుడిచి, ఒక ఇంట్లో పిల్లల్ని చూసి
చీకటిపడ్డాక బస్సు దిగి వస్తుంది.
తెర కట్టుకుని ఒకే గదిని పంచుకున్నాం ఇద్దరం.
"నా పేర్లనే నర్సున్నది, నేనడుగుత తియ్"
అని ఉల్లిగడ్డల చేత్తోనే మొదటి చీటీ అందుకుంది.

"బిడ్డా, గిదేందో... హై పర్ క లీ మి యా.
ఈసీజీల ఏం గానొస్తది?"
కుక్కర్ కూత వేసేలోగా చెప్పాలి, అదే మాకు గడియారం.
"టీ వేవ్‌లు మొనదేలి నిలబడతాయి."
చీటీ తిప్పి, వేలు పెట్టి, కూడబలుక్కుని
కిటికీలోంచి బయటికి చూసింది.
చెట్టు లేదు, గడ్డి లేదు,
వీధిదీపాల మీదుగా రువీ కొండలు.
"అవ్. గా గుట్టల లెక్క."
ఆ ప్రశ్న ఆ రాత్రే పేరులేని డబ్బాలోకి వెళ్ళింది.

పగలు నేను క్లినిక్ ముందు బల్ల మీద
టోకెన్లు ఇస్తాను.
దగ్గు వినగానే జబ్బు పేరు నాలుక చివరికి వస్తుంది,
మింగేసి, "ఇరవై ఏడు" అని పిలుస్తాను.

మొదటిసారి పదకొండు మార్కులకి పోయింది.
పరీక్ష హాలు ముందు గాజులు తీయించి,
చేతులు చాపించి, జేబులు బోర్లించి చూశారు.
లోపల మాత్రం నేనే ఏమీ దొరక్క వెతుక్కున్నాను.
ఆ రాత్రి చీటీలన్నీ చెత్తబుట్టలో పోశాను.

తెల్లారి లేచి చూస్తే
ఖర్జూరాల డబ్బా మూత పట్టనంతగా నిండి ఉంది.
పప్పు మరకలు తుడిచి, తడి ఆరబెట్టి...
ఎప్పుడు పడుకుందో ఏమో.
"ఏదీ రాదంటివి గదా,
అందుకే అన్నీ గిండ్లనే ఏసిన."

మొన్న సోమవారం ఆలస్యంగా వచ్చింది.
చెప్పులు విప్పకుండానే మొదలుపెట్టింది.
ఆ ఇంట్లో చిన్నోడికి, హైతమ్‌కి, ఒళ్ళంతా నీటిపొక్కులట, జ్వరమట.
వాళ్ళ నానమ్మ తన మందుల డబ్బీలోంచి
ఆస్పిరిన్ తీసి సగానికి విరుస్తోందట.
"లా, మామా, లా అన్న. చెయ్యి వట్టుకున్న.
పని పోతె పోనీ అనుకున్న.
నలభై ఆరో చీటీ బిడ్డా!
అమ్మోరు పోసిన పిల్లగానికి ఆ గోలి ఇయ్యద్దని
నువ్వే రాస్తివి గదా, ఎర్ర పెన్నుతోటి?"

నలభై ఆరు. దాన్ని నేను రెండుసార్లు తప్పు చెప్పాను.

ఆస్పత్రికి తీసుకెళ్ళారట. డాక్టరు అడిగాడట,
ఎవరు చెప్పారు నీకని.
"మా రూం డాక్టరమ్మ" అందట తెలుగులో.
అతనికేం అర్థమైందో గానీ తల ఊపాడట.

ఇన్ని నెలలూ ఆమె అడుగుతోందనే అనుకున్నాను.
పక్కనే కూర్చుని చదువుతోందని తోచలేదు.

ఇరవై మూడున మళ్ళీ పరీక్ష.
ఫీజులో పదిహేను రియాళ్ళు ఆమెవే,
రాసిపెట్టాను, కొట్టేయమంటోంది, కొట్టేయను.
ఇప్పుడు పొయ్యి మీద పప్పు. చేతిలో నూటపన్నెండో చీటీ.
"చెప్పు డాక్టరమ్మా."
ఆవిరి బుసలు కొడుతోంది,
కూతకి ఇంకా కొంచెం టైముంది,
నాకు గుర్తు రావడం లేదు.
ఆమె పెదాలు మాత్రం జవాబు చుట్టూ కదులుతున్నాయి.