నలభై గజాల దగ్గర కాగితం

నార్ఫోక్ చిత్తడి అంచున, గొర్రెల కంచెకి
పాత గోడకాగితం తిరగేసి మేకులు కొట్టింది హెస్టర్.
నలభై గజాలు అడుగులతో కొలిచింది.
ఒకటి తగ్గిందేమోనని మళ్ళీ కొలిచింది.

ముందు బిగుతు చోక్, అయిదో నంబరు గుండ్లు:
నడిమధ్య కాగితం చిరిగి వేలాడింది,
అంచుల్లో ఒక్క చిల్లీ లేదు.
తర్వాత మర తిప్పి సగం చోక్,
కొట్టువాడు అంటగట్టిన చవక తూటా:
దుమ్ము మీద తొలి చినుకుల్లా పడ్డాయి,
నడుమ నడుమ అరచెయ్యంత ఖాళీలు.
చిన్న బాతొకటి హాయిగా దాటిపోవచ్చు.

చిల్లి చిల్లికీ పెన్సిల్ గీత.
నూట అరవై మూడు. నూట నలభై...
కొంకర్లు పోయిన వేళ్ళని తిట్టుకుని
మళ్ళీ ఒకటి నుంచి.

ఆరు కాగితాలు గడ్డిమీద పరిచి రాళ్ళు పెట్టాక
అప్పుడు కనిపించింది.
ఏ చోక్ అయినా, ఏ తూటా అయినా
గుంపంతా గురికి పైన, ఎడమకి, జానెడు.
ఆరుకి ఆరూ.

ముప్ఫై ఏళ్ళు ఆల్బన్
గాలిని తిట్టాడు, కుక్కని తిట్టాడు.
ఆఖరి శీతాకాలాల్లో తన కంటినే అనుమానించి
రెండుసార్లు అద్దాలు మార్పించాడు.

తుపాకి నడుం వంచి
వెచ్చటి డొల్ల తీసి వాసన చూసింది.
ఏడో కాగితం.
జానెడు కిందకి, జానెడు కుడికి.

"ఇదిగో, చూశావా?" అంది
ఆ కుక్క కూతురితో.
అది అప్పటికే నీళ్ళలోకి దూకేసింది,
తేవడానికి ఏమీ పడకపోయినా.